గీత వేరు, పదును వేరు

ఫోటో స్టూడియోల్లో, ఫ్లెక్సీ దుకాణాల్లో, పత్రికల లేఅవుట్ గదుల్లో, ఆఖరికి డ్రాయింగ్ మాస్టార్ల నోట కూడా ఈ మధ్య ఒకటే మాట. బొమ్మ చుట్టూ చిత్రకారుడు గీసే నల్లగీతా, ఫోటోకి కంప్యూటర్‌లో పెట్టే షార్ప్‌నెస్సూ రెండూ ఒకటేనట. రెండూ అంచును ఎత్తి చూపిస్తాయి కాబట్టి ఒకదాని పని ఇంకొకటి చేసేస్తుందట. కుంచెకు పూట పడితే మౌసుకు క్షణం చాలట. విన్నవాళ్లు అవునవునని తల ఊపుతున్నారు. ఊపి ఊరుకుంటే దీని మీద ఇంత రాయనక్కర్లేదు. కానీ ఈ నమ్మకంతోనే పిల్లల పుస్తకాలకు బొమ్మలేసేవాళ్లను పక్కన పెడుతున్నారు. ఫోటోను ఫిల్టరులో తిప్పి లైన్ డ్రాయింగ్ అని అచ్చేస్తున్నారు. బొమ్మలు నేర్చుకుందామని వచ్చిన పిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చి దాని మీద ట్రేస్ చేసుకో అంటున్నారు. అందుకే చెబుతున్నాను, ఈ పోలిక మొదలంటా తప్పు.

షార్ప్‌నెస్‌ను తక్కువ చేసి గీతను గెలిపించాలని నాకు లేదు. దాని గౌరవం దానికుంది. అది కంప్యూటర్‌తో పుట్టింది కూడా కాదు. డార్క్‌రూమ్ కాలంలోనే నెగెటివ్ నుంచి కావాలని మసకగా ఒక పాజిటివ్ తీసి, రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రింటు వేసేవారు. అంచులు తేరుకునేవి. ఆ మసక పొర పేరే అన్‌షార్ప్ మాస్క్; ఫోటోషాప్ మెనూలో ఇప్పటికీ అదే పేరుంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన ఖగోళ ఫోటోగ్రాఫర్ డేవిడ్ మాలిన్ 1970లలో ఈ పద్ధతితోనే గెలాక్సీల ఫోటో పలకల్లో కంటికి ఆనని సన్నటి వివరాలను బయటికి తీశాడు. కంప్యూటర్ ఇప్పుడు చేసేదీ ఆ లెక్కే. ఉన్న చిత్రాన్ని మసక చేస్తుంది, అసలు చిత్రంలోంచి ఆ మసకను తీసేస్తుంది, మిగిలిన తేడాను మళ్లీ అసలుకే కలుపుతుంది. దాంతో అంచుకి ఒక పక్కన తెల్లగా ఉన్నది ఇంకాస్త తెల్లబడుతుంది, రెండో పక్కన నల్లగా ఉన్నది ఇంకాస్త నల్లబడుతుంది. ఎంత పెంచాలి, ఎంత వెడల్పున పెంచాలి, ఎంత చిన్న తేడాను వదిలేయాలి అని మూడు మీటలుంటాయి. లెన్సు వల్ల కొంత, సెన్సరు వల్ల కొంత, కాగితం మీద సిరా పాకడం వల్ల కొంత పదును పోతుంది కాబట్టి దాన్ని తిరిగి తేవడం అవసరమైన పని. తెలిసినవాళ్లు మెత్తగా వాడితే ఎవరికీ కనపడకుండా మేలు చేస్తుంది.

అయితే దాని సరుకంతా తేడానే. వెలుగులో తేడా ఉన్న చోటల్లా అది పనిచేస్తుంది, తేడా లేని చోట దానికి పనే లేదు. ఏ తేడా దేనివల్ల వచ్చిందో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

ఇప్పుడు తెల్ల కాగితం తీసుకుని, పక్కకి తిరిగిన ముఖాన్ని ఒక్క గీతతో గీయండి. నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం. గీతకు ఇవతల చెంప ఉంది, అవతల ఖాళీ గోడ ఉంది. చెంపా తెల్ల కాగితమే, గోడా తెల్ల కాగితమే. రెండిటి మధ్య వెలుగులో నలుసంత తేడా లేదు, గీత వచ్చి ఆ తేడాను పెంచిందీ లేదు. అయినా చూసేవాడికి ఇవతలిది ఒళ్లుగా, దగ్గరగా, నిండుగా కనిపిస్తుంది. అవతలిది వెనక్కి పోతుంది. ఆ గీత ముఖానికి చెందింది, గోడకు చెందలేదు. ఈ చెందడం అన్న సంగతి షార్పెనింగ్‌లో ఎక్కడుంది? అది రెండు పక్కలనూ సమానంగా తోస్తుంది, ఒకటి తెలుపు వైపు, ఒకటి నలుపు వైపు. ఎవరు ముందు, ఎవరు వెనక అని అడగదు. గీసేవాడు గీత పెట్టకముందే అడిగే మొదటి ప్రశ్న అదే. ఇంత పెద్ద తేడాను కళ్ల ముందు పెట్టుకుని రెండూ ఒకటే అనడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు.

ఈ మాట కాగితం మీదే కాదు, రాయి మీదా రుజువవుతుంది. ఖమ్మం అంటే నల్ల గ్రానైట్. ఖానాపురం హవేలి పారిశ్రామిక వాడలో పలకలు కోసి పాలిష్ పెట్టే యూనిట్ల శబ్దం మా చెవులకు అలవాటు. అద్దంలా మెరిసే అలాంటి నల్ల పలక మీద చనిపోయినవాళ్ల రూపం చెక్కించి సమాధి మీద పెట్టుకోవడం ఇప్పుడు మామూలైంది. పాలిష్ ఉన్నంతమేర రాయి నలుపు, మొన తగిలిన చోట తెల్లటి చుక్క. అంటే ఆ బొమ్మలో నలుపు వేసేది ఉండదు, వెలుగును మాత్రమే చుక్కచుక్కగా పెట్టుకుంటూ పోవాలి. ఇంట్లోవాళ్లు తెచ్చేది ఏ గుర్తింపు కార్డు ఫోటోనో, పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖమో. దాన్ని పెద్దది చేసి, షార్ప్‌నెస్ బాగా పెంచి, రాయి చెక్కే మెషీన్‌కి ఇస్తే ఏమొస్తుందో దగ్గర నుంచి చూడండి. చెవుల చుట్టూ, భుజాల చుట్టూ తెల్లటి అంచు లేస్తుంది, మనిషిని కత్తిరించి అతికించినట్టు. చెంప మీది ప్రతి గుంటా, ఫోటో కాగితం మీది ప్రతి గీరా సమాన గౌరవంతో రాయెక్కుతాయి. అన్నిటికంటే ఘోరం జుట్టు. నల్ల జుట్టు, వెనక నీడ పడ్డ గోడ, అడుగున నల్ల రాయి. ఫోటోలోనే అక్కడ తేడా లేదు, ఇక మెషీన్ దేన్ని పెంచుతుంది? నుదుటి దగ్గర మనిషి ఆగిపోతాడు. ఆ పైన తల లేదు.

చేత్తో చెక్కేవాడు అక్కడ ఏం చేస్తాడో కూడా చూడండి. వజ్రపు మొన ఉన్న సూది పట్టుకుని, ఫోటోలో ఏమీ కనపడని చోట, పుర్రె ఎక్కడ తిరుగుతుందో తనకు తెలుసు గనక అక్కడ సన్నటి చుక్కల వరస ఒకటి వేస్తాడు. అది మొత్తం చుట్టూ వేయడు. పాపిడి దగ్గర మొదలుపెట్టి, చెవి పైకి వచ్చేసరికి వదిలేస్తాడు. ఆ సగం గీతతో తల మొత్తం వస్తుంది. ముసలమ్మ ముఖంలో ముడతలన్నీ చెక్కడు. కంటి కొసనుంచి ఒకటి, నోటి పక్కన ఒకటి ఉంచి మిగతావి వదిలేస్తాడు. కూతురు చూసి అమ్మే అంటుంది. ఉన్న తేడాను పెంచినందుకు కాదు ఆమె గుర్తుపట్టింది. లేని చోట ఒక గీత వచ్చినందుకు, ఉన్న చోట చాలా గీతలు రాకుండా ఆగినందుకు.

కొంచెం చదువుకున్నవాళ్లు దీనికి శాస్త్రం అడ్డం వేస్తారు. కన్నే షార్పెనింగ్ చేస్తుంది గదా, గీత ఆ పనిని ముందే చేసి పెడుతుంది, అంతే కదా అంటారు. మొదటి సగం నిజం. శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాక్ 1865లోనే చెప్పాడు: బూడిద రంగు క్రమంగా మారే చోట, మార్పు మొదలయ్యే దగ్గరా ముగిసే దగ్గరా, అక్కడ లేని పట్టీలను కన్ను చూస్తుందని. గుర్రపునాడా పీత కంటి మీద శాస్త్రజ్ఞుడు హార్ట్‌లైన్ చేసిన ప్రయోగాలు దాని కారణాన్ని చూపించాయి. వెలుగు తగిలిన కణం తన పక్క కణాన్ని అణుస్తుంది, అందువల్ల అంచులు తేలుతాయి. ఆయనకు 1967లో నోబెల్ వచ్చింది. పిల్లి మెదడులో ఒక్కో వాలులో ఉన్న గీతకీ అంచుకీ స్పందించే కణాలను హ్యూబెల్, వీసెల్ 1959లో చూపించారు. 1981లో వాళ్లకూ నోబెల్. ఇవన్నీ గీతను మనం ఎందుకు ఇంత తేలిగ్గా చదవగలం అన్నదానికి సమాధానంలో ఒక భాగం. గీతను ఎక్కడ పెట్టాలి అన్నదానికి ఇందులో జవాబు లేదు. కంటిలోని, మెదడులోని ఆ కణాలు నీడ అంచుకీ, చీర అంచుకీ, చేతి అంచుకీ ఒకే రకంగా స్పందిస్తాయి. చిత్రకారుడు అలా స్పందించడు.

అందులో నీడ సంగతి తీసుకుందాం. మధ్యాహ్నపు ఎండలో ఒక మనిషి ముఖాన్ని ఫోటో తీస్తే అన్నిటికంటే గట్టి అంచు ఎక్కడుంటుంది? ముక్కు నీడ చెంప మీద పడే చోట. చెంపకీ వెనకున్న గోడకీ మధ్య ఉండే తేడా దాని ముందు ఎంతో తక్కువ. అంచును వెతికే ఏ ఫిల్టరైనా మొట్టమొదట ఆ నీడ చుట్టూ గీత గీస్తుంది. 1986లో జాన్ కానీ రాసిన పద్ధతి ఈ రంగంలో చాలా పేరున్నది, పారిశ్రామిక పనుల్లో గొప్పగా ఉపయోగపడుతుంది. దానికీ ముక్కు నీడకీ ముక్కుకీ తేడా తెలియదు. ఆ నీడ గీతను కాగితం మీద నల్లగా పెట్టి చూడండి, చెంప మీద మచ్చ అవుతుంది, గాయపు గాటు అవుతుంది. గీతల బొమ్మలు వేసేవాడు నీడ అంచును వదిలేస్తాడు, లేదా సన్నటి అడ్డగీతలతో షేడింగ్ వేసి నీడను నీడగా ఉంచుతాడు. అన్నిటికంటే గట్టి అంచును వదిలేసి, కనీకనపడని అంచు మీద అన్నిటికంటే లావుపాటి గీత పెట్టే పనిని అంచును పెంచడం అని ఎలా పిలుస్తాం?

గీత ప్రకృతిలో లేదు, అది మనం అలవాటు చేసుకున్న కట్టుబాటు అనే వాదన కూడా ఈ పోలికకు వత్తాసుగా తెస్తారు. 1962లో హోచ్‌బర్గ్, బ్రూక్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ బిడ్డకు పందొమ్మిది నెలలు వచ్చేదాకా బొమ్మలు చూపించి పేర్లు నేర్పకుండా పెంచి, ఆ తర్వాత ఉత్త గీతల బొమ్మలు ముందు పెట్టారు. బిడ్డ వాటిని గుర్తుపట్టి పేర్లు చెప్పింది. ఎవరూ నేర్పని కట్టుబాటు ఆ బిడ్డకెలా వచ్చింది? ప్రకృతిలో నల్లగీత లేకపోవచ్చు. ఒక ఒంపు మన చూపు నుంచి పక్కకి తిరిగిపోయే చోటు ఉంది. ఒక వస్తువు వెనక ఇంకొకటి దాక్కునే చోటు ఉంది. చీకట్లో తడిమినా దొరికే చోట్లవి. గీత వాటిని పట్టుకుంటుంది.

నిజంగా షార్పెనింగ్‌కు చిత్రకళలో చుట్టం కావాలంటే ఉంది, కానీ అది గీత కాదు. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా 1880లలో నల్ల కాంటే క్రేయాన్‌తో వేసిన బొమ్మలు చూడండి. మనిషి ఒళ్లు నల్లగా ఉన్న పక్కన వెనక భాగాన్ని కాస్త వెలిగిస్తాడు, ఒళ్లు వెలిగిన పక్కన వెనక భాగాన్ని కాస్త ముదురు చేస్తాడు. అచ్చంగా అన్‌షార్ప్ మాస్క్ చేసే పని, వంద రెట్లు తెలివిగా. ఆ బొమ్మల్లో చుట్టుగీత లేదు! షార్పెనింగ్‌ను పోల్చాల్సింది వెలుగునీడల పనితో. గీతతో పోల్చినవాళ్లు పక్కింటి తలుపు తట్టారు.

ఇక మా పత్రికల వాళ్ల వాదన. పాతకాలంలో ఫోటో బాగా అచ్చయ్యేది కాదు గనక గీతల బొమ్మలతో సరిపెట్టుకున్నారు, ఇప్పుడా అవసరం లేదంటారు. జింకు రేకు మీద ఆసిడ్‌తో చేసిన లైన్ బ్లాకులో సిరా అంటితే నలుపు, అంటకపోతే తెలుపు, మధ్యలో బూడిద రంగు లేదు. చుక్కలతో చేసే హాఫ్‌టోన్ బ్లాకు న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోయేది. ఇది నిజమే. కానీ ఈ ఇబ్బంది బొమ్మ ఎందుకు నలుపు తెలుపుల్లో ఉందో చెబుతుంది, గీత ఎందుకు అక్కడే ఉందో చెప్పదు. 1955లో లా పట్టా పుచ్చుకుని అదే ఏడు ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూనిస్టుగా చేరిన బాపు ఆ లైన్ బ్లాకు కోసమే గీయడం మొదలుపెట్టి ఉండొచ్చు. తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది, ఏ రంగు కావాలంటే ఆ రంగు అచ్చయ్యే రోజులొచ్చాయి. ఆయన గీతను వదల్లేదు. రంగుల రాముడి చుట్టూ కూడా అదే గీత. ఎందుకు? ఆ గీతలో బరువు ఉంది గనక. జడ మెడ దగ్గర మొదలై నడుము మీదికి దిగేటప్పుడు గీత లావెక్కుతుంది, కొస దగ్గర సన్నబడుతుంది. చాలా ముఖాల్లో ముక్కుకి ఒక పక్కే గీత ఉంటుంది, రెండో పక్కను చూసేవాడికి వదిలేస్తాడు. అదే కాలంలో, అవే రకం ప్రెస్సుల కోసం వడ్డాది పాపయ్య చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలను ఎక్కువగా రంగు పక్కన రంగు పెట్టి నిలబెట్టాడు. ఇద్దరిదీ ఒకే అచ్చు యుగం, దారులు రెండు. ఇది ప్రెస్సు నెట్టిన దారైతే ఇద్దరూ ఒకే దారిన పోవాలి కదా.

అన్నిటికన్నా గట్టి ఆధారం శ్రీకాళహస్తి కలంకారీలో ఉంది. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. చింతపుల్లల బొగ్గుతో తేలిగ్గా ఆకారం వేసుకుని, దాని మీద వెదురు కలంతో నల్లగీత పెడతారు. ఆ నలుపు, ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవం. గుడ్డకు పట్టిన కరక్కాయ వగరు తగిలాక అది నల్లబడుతుంది, మళ్లీ పోదు. ఆ తర్వాతే పటిక, ఆ తర్వాతే ఎరుపు, పసుపు, నీలం, మధ్యమధ్య ఉతుకులు. అంటే గీత మొదట వచ్చింది. బొమ్మ దాని వెనక వచ్చింది. షార్పెనింగ్‌కు ముందుగా ఒక చిత్రం ఉండాలి, అది ఎప్పుడూ చివరి పని. కలంకారీలో గీత పెట్టేనాటికి పదును పెట్టడానికి ఏ అంచూ ఇంకా పుట్టలేదు. గీతే దాన్ని పుట్టించింది. చేర్యాల పటాల్లో నకాషీ చిత్రకారులు నల్లగీతను రంగుల తర్వాత ఆఖర్న వేస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. వేస్తారు. కానీ ఆ చదునైన ఎరుపు మీద చేయి ఎక్కడ ముగుస్తుందో, పక్క మనిషి చేయి ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి వేస్తారు. వరుసలో చివర ఉన్నంత మాత్రాన పని మారలేదు.

భద్రాచలం వెళ్లినప్పుడు గుడి చుట్టూ దుకాణాల్లో అమ్మే పటాలను పక్కపక్కన పెట్టి చూడమని నేను అందరికీ చెబుతుంటాను. అక్కడి మూలమూర్తి ప్రత్యేకత తెలిసిందే: నాలుగు చేతుల రాముడు, ధనుర్బాణాలతో పాటు శంఖచక్రాలు, ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు. నల్లటి విగ్రహాలు, మీద నగలు, పూలు, పట్టుబట్ట. ఫోటోకి షార్ప్‌నెస్ దట్టించి లామినేట్ చేసిన పటంలో నగలు భగ్గున మండుతాయి, ప్రతి పూసా లెక్కపెట్టొచ్చు. స్వామి కనపడడు. నాలుగు చేతుల్లో ఏ చెయ్యి ఎక్కడ మొదలైందో, సీతమ్మ కూర్చున్న తీరేమిటో తెలియదు. పక్కనే చవక కాగితం మీద ఎవరో వేసిన గీతల బొమ్మలో నాలుగు చేతులూ స్పష్టంగా ఉంటాయి, సీతమ్మ తొడ మీదే ఉంటుంది. వివరం ఎక్కడ ఎక్కువుందో, తెలిసేది ఎక్కడ ఎక్కువో రెండూ వేర్వేరని ఇంతకంటే దగ్గరి రుజువు మా ప్రాంతంలో నాకు దొరకలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించింది పిల్లల కోసం వేసిన ఒక చెట్ల పుస్తకం. ఎవరు వేశారో చెప్పను. మన అడవి చెట్లను పరిచయం చేయాలనే ఉద్దేశం మంచిది. బొమ్మలన్నీ ఫోటోలు తీసి, పదును పెంచి, ఫిల్టరుతో గీతలుగా మార్చినవి. అందులో తునికి ఆకు పేజీ చూశాను. ఆకుల గుబురు మీద, పై కొమ్మల సందుల్లోంచి పడ్డ ఎండ చుక్కలున్నాయి. ఫిల్టరు ఆ ఎండ చుక్కలన్నిటి చుట్టూ శ్రద్ధగా గీత గీసింది. తునికి ఆకు మీద పుట్టుకతో మచ్చలున్నట్టు అచ్చయింది. ఆకుపచ్చ వెనక ఆకుపచ్చ ఉన్న చోట, అంటే ఒక ఆకు అంచు ఇంకో ఆకు మీద పడ్డ చోట, గీతే లేదు. నాలుగు ఆకులు కలిసి ఒక ముద్ద. పురుగు కొట్టిన చిల్లికి మాత్రం చక్కటి చుట్టుగీత. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఏటా ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే లేచి ఆ ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేర్చే ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల పిల్లల చేతుల్లో పెట్టేది ఈ బొమ్మనా?

మొక్కను గీతతో సరిగ్గా చూపడం చేతకాని జాతి కాదు మనది. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. అవి కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి, మొత్తం మూడు వందల పలకలు. ఇప్ప, మోదుగ, మన తునికి మొదటి సంపుటంలోనే ఉన్నాయి. ఆ తర్వాతి తరంలో మద్రాసు ప్రెసిడెన్సీలో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి దగ్గర రంగయ్య, గోవిందు అనే ఇద్దరు పనిచేశారు. 1853లో పూర్తయిన వైట్ గ్రంథంలో రెండు వేలకు పైగా పలకలున్నాయి, ఎక్కువ భాగం రంగు లేని ఉత్త గీతలు. గోవిందు పనికి గౌరవంగా వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. ఆ బొమ్మల్లో ఎండ చుక్క లేదు, పురుగు చిల్లి లేదు. ముందున్న ఆకు ముందుంది, వెనకది వెనక ఉంది, ఈనె ఎక్కడ చీలుతుందో అక్కడ చీలింది. కెమెరా ఇంకా రాని రోజులు గనక గీశారు అంటారేమో. కెమెరా వచ్చి ఇన్నేళ్లయినా కొత్త మొక్కను లోకానికి ప్రకటించేటప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు నేటికీ గీతల బొమ్మ జత చేస్తూనే ఉన్నారు.

కృత్రిమ మేధ వచ్చింది, ఇక నీ వాదన చెల్లదు అని ఒక మిత్రుడన్నాడు. అది గీస్తున్న గీత షార్పెనింగ్ లెక్కలోంచి రాలేదు. లక్షల మంది చేత్తో వేసిన బొమ్మలు చూసి నేర్చుకున్న గీత అది. అంచు ఎక్కడుందో వెతికితే సరిపోయేదైతే దానికి ఆ బొమ్మల అవసరమేమొచ్చింది? పైగా దానికి తునికి కొమ్మ చేతిలో పట్టుకున్న అనుభవం లేదు. ఎవరూ గీయని చెట్టును గీయమంటే గీసిన చెట్లలో దగ్గరిదాన్ని తెచ్చి పెడుతుంది.

తునికిలో మగపూలూ ఆడపూలూ వేర్వేరు చెట్ల మీద పూస్తాయి. మగవి చిన్న గుత్తులుగా ఉంటాయి, ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది. ఈ రెండు కొమ్మలనూ ఒకే పేజీలో, లేత ఆకు అడుగున ఉండే నూగుతో సహా, ఏ ఆకు ఏ కొమ్మదో పిల్లవాడికి తెలిసేలా పెట్టాలంటే ఒక ఫోటో చాలదు, ఆ ఫోటో మీద ఎన్ని మీటలు తిప్పినా చాలదు. గీసేవాళ్లు కావాలి. ఖమ్మంలో ఉన్నారు, కొత్తగూడెంలో ఉన్నారు, ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన సైన్‌బోర్డు ఆర్టిస్టుల్లోనే మంచి చెయ్యి ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పుస్తకం రెండో ముద్రణ వేసేలోగా వాళ్లను పిలవండి. వేసవిలో రెండు చెట్ల కొమ్మలూ తెప్పించి వాళ్ల ముందు పెట్టండి. ఫిల్టరు చేసిన ఫోటోకి కట్టిన వెల కట్టకుండా, పనికి తగ్గ డబ్బివ్వండి.